బోటు ఏసీ ట్రిప్ అవుతుంటే గ్యాస్ కాదు, ముందు బకెట్ తీయండి

తిరుపతిలో ఏసీలు బాగుచేసుకునేవాడికి సముద్రం మీద బోటుతో ఏం పని అని మా వాళ్ళే అడిగారు. ఈ కేసు ఇంత వివరంగా రాస్తున్నది కూడా అందుకే. మన ఊర్లో ఏసీ పని తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, స్ప్లిట్ ఏసీ అంటే అందరికీ వెన్నతో పెట్టిన విద్య. కానీ నీళ్ళతో చల్లబడే మెషిన్ ఎదురైతే, దాన్ని కూడా స్ప్లిట్ లాగే చూసి, గ్యాస్ ఒత్తిడి చూపే గేజులు తగిలించి, గ్యాస్ పోసి, బాగున్న మెషిన్‌ని పాడు చేస్తున్నారు. ఈ బోటుకి నాకంటే ముందు పని చేసిన ఇద్దరూ అదే చేశారు. నేను కూడా మొదటి రోజు ఫోన్లోనే ఒక తొందరపాటు సలహా ఇచ్చి రెండు రోజులు వృథా చేశాను, అదీ రాస్తాను.

నాకు రేణిగుంట రోడ్డులో చిన్న షెడ్డు ఉంది. నా పని ఎక్కువగా లాడ్జీలు, కల్యాణ మండపాలు. పాత మండపాల్లో కొన్నిటికి ఇంకా వాటర్ కూల్డ్ ప్యాకేజీ యూనిట్లు ఉన్నాయి, పైన కూలింగ్ టవర్, కింద గ్యాస్ వేడిని నీళ్ళకి వదిలే కండెన్సర్, మధ్యలో పంపు. మన బోరు నీళ్ళు ఎట్లాంటివో తెలుసు కదా, బకెట్ అంచుకి కూడా తెల్లగా సున్నం కడుతుంది, అందుకే వాటిని ఉప్పు నీళ్ళు అంటాం. ఆ ఉప్పు నీళ్ళు కండెన్సర్ గొట్టాల్లో కట్టిన సున్నం వదిలించడం నాకు బాగా అలవాటు. ఒక లాడ్జి మేనేజరు గారి బావమరిది ఒక సర్వే కాంట్రాక్టులో సైట్ ఇంజినీరు. ఆయన ద్వారా ఏప్రిల్ చివర్లో నాకు ఫోన్ వచ్చింది.

బోటు కృష్ణపట్నం వైపు ఉప్పుటేరులో కట్టి ఉంది. పన్నెండు మీటర్ల ఫైబర్ బోటు, నీటి అడుగున లోతులు కొలిచే పని దానిది. క్యాబిన్లో రెండు కంప్యూటర్లు, లోతు చూపించే మెషిన్ తెరలు. అక్కడ ఏసీ సుఖం కోసం కాదు, ఏసీ ఆగితే ఎండకి క్యాబిన్ పొయ్యిలా మండి కంప్యూటర్లు వేడెక్కి ఆగిపోతాయి, ఆ రోజు సర్వే అక్కడితో ఆఖరు. ఇంజినీరు గారు చెప్పింది ఇదీ: పొద్దున ఆన్ చేస్తే ఒక ఇరవై నిమిషాలు చల్లగా వస్తుంది, తర్వాత హై ప్రెషర్ ఫాల్ట్ అని చూపించి ఆగిపోతుంది, కాసేపు ఆపి మళ్ళీ వేస్తే పది నిమిషాలు, ఆ తర్వాత ఐదు. మధ్యాహ్నానికి అసలు నిలబడదు. రెండు నెలలుగా ఇదే. మొదట వచ్చినాయన కెపాసిటర్ మార్చాడు. రెండో ఆయన గ్యాస్ తగ్గింది అని ఒకసారి, చాలలేదని ఇంకోసారి గ్యాస్ వేశాడు. వేసిన రోజు కొంచెం బాగున్నట్టు అనిపించి, మర్నాటికి ఇంకా తొందరగా ట్రిప్ అవడం మొదలైందట.

ఇక్కడ మెషిన్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బోటులో వాడేది సెల్ఫ్ కంటెయిన్డ్ యూనిట్. కంప్రెసర్, కండెన్సర్, గాలిని చల్లబరిచే ఎవాపరేటర్, బ్లోయర్ అన్నీ ఒకే ట్రే మీద కూర్చుని ఉంటాయి, దాన్ని మంచం కిందో బెంచీ కిందో బిగిస్తారు. ఔట్‌డోర్ యూనిట్ ఉండదు. స్ప్లిట్‌లో ఔట్‌డోర్ ఫ్యాన్ చేసే పనిని ఇక్కడ సముద్రపు నీళ్ళు చేస్తాయి. బోటు అడుగున ఒక రంధ్రం, దానికి సీకాక్ అనే వాల్వు, అక్కడి నుంచి చెత్తని ఆపే జాలీ ఉన్న స్ట్రైనర్, స్ట్రైనర్ నుంచి పంపు, పంపు నుంచి కండెన్సర్ కాయిల్, కాయిల్ నుంచి బోటు పక్కన ఉన్న రంధ్రం గుండా నీళ్ళు మళ్ళీ బయటికి. కాయిల్ అంటే గొట్టంలో గొట్టం: లోపలి గొట్టంలో సముద్రపు నీళ్ళు, దాని చుట్టూ బయటి గొట్టంలో గ్యాస్. లోపలిది రాగి, నికెల్ కలిసిన లోహం, మామూలు రాగి అయితే ఉప్పు నీళ్ళకి ఎక్కువ రోజులు ఆగదు. ఆ జంట గొట్టాన్ని స్ప్రింగులా చుట్టి కంప్రెసర్ చుట్టూ పెడతారు. అంటే కడ్డీ దూర్చి శుభ్రం చేయడానికి వీల్లేదు, కంటితో లోపల చూడడానికి కూడా వీల్లేదు. నీళ్ళు తగ్గితే వేడి పోయే దారి లేదు, హెడ్ ప్రెషర్, అంటే కండెన్సర్ వైపు గ్యాస్ ఒత్తిడి, పెరుగుతుంది, హై ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని కాపాడడానికి ఆపేస్తుంది. ట్రిప్ అవడం రోగం కాదు, రోగం ఉందని మెషిన్ చెప్పే మాట.

ఇదంతా తెలిసీ నేను ఫోన్లో ఏం చెప్పానంటే, "సార్, స్ట్రైనర్ నిండిపోయి ఉంటుంది, తీసి కడిగించండి, సరిపోతుంది" అన్నాను. వందలో చాలాసార్లు నిజంగానే అదే ఉంటుంది, నాచు, చెత్త, జెల్లీ చేప ముక్కలు అన్నీ వచ్చి జాలీకి అడ్డం పడతాయి. కానీ అడగాల్సిన ప్రశ్న అడగలేదు నేను. స్ట్రైనర్ ఎప్పుడు కడిగారు అని అడిగి ఉంటే, రోజూ కడుగుతున్నాం అని వాళ్ళు చెప్పేవాళ్ళు. వాళ్ళు నా మాట మీద గౌరవంతో మళ్ళీ కడిగి, రెండు రోజులు చూసి, అదే పరిస్థితి అని ఫోన్ చేశారు. అప్పుడు బయల్దేరాను, నాతో పాటు మా పిల్లోడు, అంటే నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. కాళహస్తి, నాయుడుపేట, గూడూరు మీదుగా వెళ్ళి చేరేసరికి పది దాటింది.

బోటు ఎక్కగానే సరంగు గారు నీళ్ళు బయటపడే చోటు చూపించారు. పెద్దాయన, ముప్పై ఏళ్ళుగా ఆ తీరంలోనే బోట్లు నడుపుతున్న మనిషి. "చూడు మేస్త్రీ, నీళ్ళు బాగానే పడతన్నాయి కదా, నీళ్ళ తప్పు కాదు ఇది" అన్నారు. నిజమే, చూడడానికి ధార వస్తోంది. ఇక్కడే అందరూ మోసపోతారు. ధార వస్తోందా లేదా అన్నది కాదు, ఎంత వస్తోంది అన్నది లెక్క. పది లీటర్ల బకెట్ ధార కింద పట్టి, మా పిల్లోడిని ఫోన్లో టైమర్ పెట్టమన్నాను. బకెట్ నిండడానికి నూటరెండు సెకన్లు. అంటే నిమిషానికి ఆరు లీటర్లు కూడా లేదు.

ఎంత ఉండాలి? ఏసీ చల్లబరిచే శక్తి ఒక టన్నుకి, అంటే 12,000 బీటీయూకి, నిమిషానికి దగ్గర దగ్గర పదకొండు లీటర్లు అని పెట్టుకోండి. ఈ యూనిట్ 16,000 బీటీయూ, కాబట్టి పదిహేను లీటర్ల దాకా కావాలి. వస్తున్నది ఆరు. అంటే కావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఇంత సులభమైన పరీక్ష ఇంకోటి లేదు, దీనికి బకెట్, గడియారం తప్ప ఏమీ అక్కర్లేదు, అయినా నాకు ముందు వచ్చిన ఇద్దరిలో ఒక్కరూ చేయలేదు. సరంగు గారికి ఆ లెక్క చెప్తే కాసేపు ధార వైపే చూస్తూ నిలబడ్డారు.

తర్వాత థర్మామీటర్. ఏటిలో నీళ్ళు 29.5 డిగ్రీలు, బయటికి వస్తున్న నీళ్ళు 42. పన్నెండున్నర డిగ్రీలు పెరిగింది. సరిపడా నీళ్ళు పారుతుంటే ఈ తేడా ఐదు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటుంది. తేడా ఎక్కువగా ఉంటే నీళ్ళు తక్కువ పారుతున్నాయని అర్థం. అదే నీళ్ళు ధారాళంగా పారుతూ, తేడా మాత్రం మరీ తక్కువగా ఉండి, అయినా హెడ్ ప్రెషర్ ఎక్కువగా ఉంటే, గొట్టం లోపల పొర కట్టి వేడి నీళ్ళలోకి దిగడం లేదన్నమాట. ఈ రెండు అంకెలు, బకెట్ లెక్క, ఉష్ణోగ్రత తేడా, ఈ రెండూ కలిపి చూస్తే గేజులు తగిలించకుండానే సగం రోగం తెలిసిపోతుంది. గేజు తగిలించిన ప్రతిసారీ పైపులో కొంచెం గ్యాస్ పోతుంది, ఇట్లాంటి చిన్న యూనిట్లో అర కిలో చిల్లర గ్యాసే ఉంటుంది కాబట్టి ఆ కొంచెం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే బోటు యూనిట్ మీద గేజు నా చేతికి చివర్లో వస్తుంది.

ఇక నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో పట్టుకోవాలి. దారి పొడవునా ఒక్కో జాయింటు దగ్గర విడదీసి కొలవడమే పద్ధతి, ఊహలతో పని లేదు. ఏసీ ఆపి, సీకాక్ మూసి, పంపు నుంచి కాయిల్‌కి వెళ్ళే హోస్ పైపుని కాయిల్ దగ్గర ఊడదీసి బకెట్‌లో పెట్టాం. ఒక జాగ్రత్త చెప్పాలి, సీకాక్ మూయకుండా నీటిమట్టం కింద ఉన్న ఏ పైపూ, స్ట్రైనర్ మూత కూడా, విప్పకూడదు. సముద్రం నేరుగా బోటులోకి వస్తుంది. మూశాక కూడా క్లిప్ కొంచెం వదులు చేసి, నీళ్ళు ఆగాయని కంటితో చూసి, అప్పుడు పైపు లాగాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి తిప్పని సీకాక్ హ్యాండిల్ తిరిగినా లోపల బాల్ తిరగకపోవచ్చు. పైపు చివర బకెట్‌లో గట్టిగా పట్టుకుని సీకాక్ తెరిచి, పంపు ఒక్కటే నడిపితే, పది లీటర్లు ఇరవై ఐదు సెకన్లలో నిండింది. నిమిషానికి ఇరవై నాలుగు లీటర్లు. పంపు బాగుంది, స్ట్రైనర్ బాగుంది, అడుగు రంధ్రం బాగుంది. తప్పు కాయిల్లోనో, కాయిల్ దాటిన తర్వాతో ఉంది.

ఊడదీసిన రబ్బరు పైపు చివరని వేళ్ళతో గట్టిగా పిసికాను. లోపల కరకరమని శబ్దం. తలకిందులు చేసి తడితే అరచేతిలోకి రాలాయి: గోరంత, సగం గోరంత తెల్లటి పెంకులు, కోన్‌లా మొనదేలినవి, అడుగున పలచటి సున్నపు రేకు, ఒకటి రెండిటికి ఇంకా లోపల మెత్తటి ప్రాణి ఎండిపోయి అతుక్కుని ఉంది. చేపల బుట్ట వాసన. బార్నకిల్స్ అంటారు వీటిని, పడవ అడుగున గట్టిగా పట్టుకునేవి ఇవే, సరంగు గారికి చూపిస్తే ఆయనకి వెంటనే అర్థమైంది. "అడుగున గీకతానే ఉంటాం మేస్త్రీ, పైపులోకి ఎట్లా పోయినాయి? జాలీ ఉంది కదా" అన్నారు. మంచి ప్రశ్న. పెద్దయ్యాక పోలేదు అవి. పిల్లలుగా ఉన్నప్పుడు కంటికి కనపడనంత చిన్నవి, నీళ్ళలో తేలుతూ స్ట్రైనర్ జాలీ దాటి పోతాయి, లోపల కదలని నీళ్ళు దొరికితే గోడకి అతుక్కుని అక్కడే పెంకు కట్టి పెరుగుతాయి.

కదలని నీళ్ళు ఎప్పుడు దొరికాయి? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, ఆ కాలంలో సర్వే లేదు. బోటు ఏటిలో కట్టేసి ఉంది, ఏసీ ఒక్కసారి కూడా వేయలేదు. పైపుల్లో, కాయిల్లో నీళ్ళు నిలబడిపోయాయి. ఏటిలో పోటు ఆటులతో నీళ్ళు మారుతూ ఉంటాయి, మేత పుష్కలంగా ఉంటుంది, వాటికి అంతకంటే మంచి ఇల్లు లేదు. వాడుతున్న ఏసీకంటే వాడకుండా ఊరకే ఉంచిన ఏసీ తొందరగా పూడిపోతుంది, మన ఊర్లో ఎవరికి చెప్పినా నమ్మరు కానీ బోటు దగ్గర ఇదే నిజం. జనవరిలో మళ్ళీ మొదలుపెట్టినప్పుడు వాతావరణం చల్లగా ఉంది కాబట్టి ఆరేడు లీటర్ల నీళ్ళతోనే నెట్టుకొచ్చింది, ఎండలు ముదిరి ఫిబ్రవరి చివరికి చేతులెత్తేసింది.

అప్పుడు గేజు తగిలించాను, గ్యాస్ సంగతి తేల్చుకోవాలి కదా. అది ఆర్-410ఏ గ్యాస్ వాడే యూనిట్. మొదలుపెట్టగానే హెడ్ 400 దాటింది, పావుగంటలో 500 పీఎస్ఐ దాటి ఎక్కుతూనే ఉంది, దానితో పాటు క్లాంప్ మీటర్లో ఆంపియర్లు కూడా. ఆర్-410ఏకి 45 డిగ్రీల దగ్గర ప్రెషర్ 380 పీఎస్ఐ చుట్టుపక్కల, 50 డిగ్రీలకి 430. పాత ఆర్-22 గ్యాస్ చేతి లెక్కలతో చూసేవాళ్ళకి ఈ అంకెలు చూస్తేనే టెన్షన్ వస్తుంది, కానీ దానికి అవి మామూలే, 500 దాటడం మాత్రం మామూలు కాదు. నీళ్ళు తక్కువ కాబట్టి ఎక్కుతోందా, గ్యాస్ ఎక్కువ కాబట్టి ఎక్కుతోందా? రెండూ ఉన్నాయని నాకు అనుమానం. ఈ యూనిట్లు ఫ్యాక్టరీలో తూకం వేసి నింపినవి, ఎంత నింపారో గ్రాములతో సహా లేబుల్ మీద రాసి ఉంటుంది. తూకం మీద నింపిన దానికి గేజు చూసి గ్యాస్ కలపడం అంటే కళ్ళు మూసుకుని ఉప్పు వేయడమే. తేల్చుకోవాలంటే మొత్తం బయటికి తీసి తూయాలి. దానికి రికవరీ మెషిన్, కాటా, వాక్యూమ్ పంపు కావాలి, అవి షెడ్డులో ఉన్నాయి. ట్రేకి ఉన్న నాలుగు బోల్టులు విప్పి, వైర్లకి గుర్తులు పెట్టి ఫోటో తీసి, యూనిట్ మొత్తాన్ని ఎత్తి బండిలో పెట్టుకుని అదే రాత్రి తిరుపతి వచ్చేశాం. సెల్ఫ్ కంటెయిన్డ్ యూనిట్‌తో ఉన్న సౌకర్యం ఇదే, గ్యాస్ పైపు ఒక్కటి కూడా కోయకుండా మొత్తం ఎత్తుకుపోవచ్చు.

మర్నాడు గ్యాస్ తీసి తూస్తే 790 గ్రాములు. లేబుల్ మీద 620. నూటడెబ్భై గ్రాములు ఎక్కువ, నాలుగో వంతు కంటే పైనే. కండెన్సర్‌లో కొంత భాగం ద్రవంతో నిండిపోయి, వేడి వదిలే జాగా ఇంకా తగ్గింది. అసలే నీళ్ళు లేక ఊపిరాడని కాయిల్‌కి ఇది రెండో దెబ్బ. ఆ రెండో మెకానిక్ చెడ్డవాడని నేను అనను. చల్లదనం తగ్గింది అనగానే గ్యాస్ అనుకోవడం మనకి స్ప్లిట్ ఏసీలు నేర్పిన అలవాటు, అక్కడ రాగి పైపుల్ని నట్టుతో బిగించే ఫ్లేర్ జాయింట్లలో లీక్ అయ్యేది ఎక్కువ కాబట్టి అక్కడ ఆ అనుమానానికి అర్థం ఉంది. ఇక్కడ ఫ్లేర్ జాయింట్లే లేవు.

గ్యాస్ ఖాళీ చేసి వాల్వులు మూసి పెట్టి, ముందు కాయిల్ పని పట్టాం. మొదట మంచి నీళ్ళతో, వెనక నుంచి ముందుకి, అంటే నీళ్ళు మామూలుగా పారే దిక్కుకి ఎదురుగా కొట్టాం. ఇది చాలామంది వదిలేసి నేరుగా యాసిడ్ పోస్తారు. విడిగా తిరుగుతున్న పెంకు ముక్కలు, బురద, జిగురు ముందు బయటికి రావాలి, యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది కానీ బురదని కరిగించదు. పిడికెడు ముక్కలు వచ్చాయి. షెడ్డు పంపుతో అప్పుడు కొలిస్తే నిమిషానికి ఎనిమిది లీటర్లు.

తర్వాత యాసిడ్. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఐదు శాతం చాలు. ముప్పై శాతం ఉన్న డబ్బా తెచ్చుకుంటే ఒక పాలు యాసిడ్‌కి ఐదు పాళ్ళు నీళ్ళు. నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు, ఎగజిమ్ముతుంది. చేతికి గ్లవుజులు, కళ్ళకి అద్దాలు, షెడ్డు రెండు తలుపులూ తెరిచి. ప్లాస్టిక్ బకెట్, ప్లాస్టిక్ బాడీ ఉన్న పంపు, బకెట్ నుంచి కాయిల్‌లోకి, కాయిల్ నుంచి మళ్ళీ బకెట్‌లోకి చుట్టూ తిరిగేలా, ఇదీ ఎదురు దిక్కులోనే. రెండు నిమిషాల్లో బకెట్ పైన సోడా పొంగినట్టు తెల్లటి నురగ, నీళ్ళు మడ్డి రంగు. పెంకు అంటే సున్నమే, యాసిడ్ తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది.

పది నిమిషాలకి నురగ ఆగింది. మా పిల్లోడు "అయిపోయిందన్నా" అని పంపు ఆపబోయాడు. ఇక్కడ ఆగి వాడికి చెప్పాను, మీకూ చెప్తున్నాను: నురగ ఆగడానికి రెండు కారణాలు ఉంటాయి, లోపల సున్నం అయిపోయి ఉండాలి, లేదా బకెట్‌లో యాసిడ్ అయిపోయి ఉండాలి. ఏదో తెలియాలంటే బయటికి రాలిన ఒక పెంకు ముక్కని ఆ బకెట్‌లో వేసి చూడండి. వేశాం. అడుగుకి పోయి ఊరకే పడుకుంది, ఒక్క బుడగ లేదు. అయిపోయింది యాసిడే, సున్నం కాదు. కొత్త యాసిడ్ కలిపి పోస్తే మళ్ళీ అంతే నురగ. రెండో బకెట్ ఇరవై నిమిషాలు నడిచాక నురగ ఆగింది, అప్పుడు పెంకు ముక్క వేస్తే బుసబుసమని కరిగింది. అంటే యాసిడ్‌కి ఇంకా బలం ఉంది, కాయిల్లో కరగడానికి ఏమీ మిగల్లేదు. అక్కడితో ఆపాలి. ఇంకా మంచిదని గంటలు గంటలు తిప్పితే, రాత్రంతా నానబెడితే, యాసిడ్ ఇక లోహాన్నే తింటుంది. వెంటనే మంచి నీళ్ళు, ఆ తర్వాత వంట సోడా కలిపిన నీళ్ళు ఒక పది నిమిషాలు, మళ్ళీ మంచి నీళ్ళు. వాడిన యాసిడ్‌లో కూడా సోడా వేసి బుడగలు ఆగేదాకా చూసి అప్పుడు పారబోశాం. ఈ పని బోటు మీద చేసేవాళ్ళు ఆ బకెట్‌ని అట్లాగే ఏట్లో కుమ్మరించకండి, ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళు అక్కడ ఉన్నారు.

అదే పంపుతో కొలిస్తే పంతొమ్మిది లీటర్లు. ఎనిమిది నుంచి పంతొమ్మిది.

గ్యాస్ పని మామూలే, తొందరగా చెప్తాను. నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి రాత్రంతా ఉంచాం, సూది కదల్లేదు, అంటే లీక్ లేదు, అంటే ఆ గ్యాస్ ఎప్పుడూ తగ్గనే లేదు. వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి తీసి నిలబెట్టి చూసి, కొత్త గ్యాస్ 620 గ్రాములు కాటా మీద, సిలిండర్ నుంచి ద్రవంగా. ఆర్-410ఏ రెండు గ్యాసుల మిశ్రమం, ఆవిరిగా వేస్తే పాళ్ళు మారతాయి. పాతది తిరిగి వాడలేదు, మీద వేసినాయన ఎట్లా వేశాడో తెలియదు కదా.

మూడో రోజు యూనిట్ తీసుకెళ్ళి బిగించి, ధీమాగా బకెట్ పట్టాను. యాభై సెకన్లు. పన్నెండు లీటర్లు. కావాల్సింది పదిహేను. ఏసీ నడుస్తోంది, చల్లగా వస్తోంది, ట్రిప్ కావడం లేదు, ఇంజినీరు గారు చాలా సంతోషంగా ఉన్నారు, డబ్బులు కూడా ఇస్తానంటున్నారు. కానీ మే నెల మధ్యాహ్నం ఈ పన్నెండుతో సరిపోదని, నెల తిరిగేలోపు మళ్ళీ ఫోన్ వస్తుందని నాకు తెలుసు. ఇంకో గంట ఇవ్వండి సార్ అని కాయిల్ తర్వాతి దారి చూశాం. నేను అక్కడిదాకా చూడకుండానే మొదటి రోజు యూనిట్ ఎత్తుకుపోయాను, అది నా పొరపాటు.

రెండు దొరికాయి. ఒకటి, నీళ్ళు బయటపడే ఫిట్టింగ్ లోపలి అంచు చుట్టూ పెంకులు ఉంగరంలా కట్టి, రంధ్రం సగానికి పైగా మూసుకుపోయి ఉంది. బయట నుంచి చూస్తే ధార సన్నగా ఉన్నా వేగంగా దూకుతుంది, అందుకే అది బాగా పడుతున్నట్టు కనిపించింది. స్క్రూడ్రైవర్‌తో గీకితే ఊడొచ్చింది. రెండోది, కాయిల్ నుంచి బయటికి వెళ్ళే హోస్ పైపుని కొత్త సర్వే కేబుళ్ళకి అడ్డం వస్తోందని ఎవరో ఒక ఫ్రేము మీదుగా ఎత్తి మళ్ళీ కిందికి దించారు, ఒంటె మూపురంలా. బోటు నీళ్ళ పైపుల్లో ఒకటే సూత్రం: సీకాక్ నుంచి కాయిల్ దాకా పైకే ఎక్కుతూ పోవాలి, కాయిల్ దాటాక బయటి రంధ్రం దాకా ఎక్కడా మూపురంలా ఎక్కి దిగకూడదు. ఎక్కుతూ పోతే లోపల గాలి ఉన్నా తనంతట తనే ముందుకి పోతుంది. మూపురం ఉంటే గాలి అక్కడ ఇరుక్కుంటుంది, ఈ పంపులు సెంట్రిఫ్యూగల్ రకం, గాలిని తోసే శక్తి వాటికి ఉండదు. పక్కనుంచి పెద్ద బోటు పోయి అలలకి ఊగినప్పుడల్లా తొందరగా ట్రిప్ అవుతుందని సరంగు గారు మొదటి రోజే చెప్పారు, నేను దాన్ని అప్పుడు పట్టించుకోలేదు. రోజూ మెషిన్ పక్కన ఉండే మనిషి చెప్పిన మాట అది. పైపుని పక్క దారిలో తిప్పి, నీటిమట్టం కింద ఉన్న ప్రతి జాయింటుకీ రెండేసి స్టీలు క్లిప్పులు వేశాం.

మళ్ళీ బకెట్. ముప్పై ఆరు సెకన్లు. నిమిషానికి పదహారున్నర లీటర్లు. ఏటి నీళ్ళు 30, బయటికి వచ్చేవి 35.5. హెడ్ 350 దగ్గర నిలబడింది. గాలి వైపు కూడా చూశాం, గాలి లోపలికి లాగే జాలీ ముందు లైఫ్ జాకెట్ల సంచులు పేర్చి ఉన్నాయి, తీయించి ఫిల్టర్ కడిగితే లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ పది డిగ్రీల తేడా వచ్చింది. మిట్ట మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అక్కడే కూర్చున్నాం, ఒక్కసారి కూడా ఆగలేదు.

వచ్చేముందు సరంగు గారికి మెయింటెనెన్స్ అప్పగించాను, ఇంజినీరు గారికి కాదు, బోటు మీద ఉండేది ఆయనే కాబట్టి. స్ట్రైనర్ రోజూ కడగడం ఆయనకి అలవాటే. కొత్తవి మూడు. నెలకోసారి బకెట్ పట్టి ఎన్ని సెకన్లో ఏసీ పక్క గోడ మీద తేదీతో మార్కర్‌తో రాయాలి, నలభై ఐదు దాటితే నాకు ఫోన్ చేయాలి, ట్రిప్ అయ్యేదాకా ఆగకూడదు. బోటు వారం పైన కదలకపోతే సీకాక్ మూసి, స్ట్రైనర్ మూత తీసి, అందులోకి మంచి నీళ్ళ పైపు పెట్టి, పంపు ఐదు నిమిషాలు నడిపి లోపల ఉప్పు నీళ్ళు లేకుండా చేయాలి. స్ట్రైనర్‌లో నీళ్ళు అయిపోకుండా చూసుకుంటూ నడపాలి, ఆ పంపు లోపల తిరిగే భాగాన్ని చల్లగా ఉంచేది ఆ నీళ్ళే, నీళ్ళు లేకుండా తిరిగితే కాసేపట్లో పాడవుతుంది. సీకాక్‌ని నెలకోసారి పూర్తిగా మూసి తెరవాలి, బిగుసుకుపోకుండా. తుపాను కాలంలో బోటు కట్టేసినా సరే ఈ మూడూ చేస్తూనే ఉండాలి, అప్పుడే అసలు అవసరం.

మే, జూన్, జూలై నెలల్లో ఆయన గోడ ఫోటో తీసి పంపిస్తూనే ఉన్నారు: 36, 37, 37. ఆగస్టులో 41. ఫోన్ చేసి అడిగితే బయటికి వచ్చే నీళ్ళ వేడి తేడా అంతగా పెరగలేదన్నారు, అడుగు రంధ్రం జాలీ దగ్గర ఏదో పట్టి ఉంటుంది, ఆటు వేళ చూసి ఒకసారి గీకించండి అన్నాను. గీకించాక 38. సెప్టెంబరు ఆఖరి ఆదివారం బోటు కట్టేసేలోపు వెళ్ళి, ఈసారి యూనిట్ విప్పకుండా, ఉన్నచోటే ఒక బకెట్ యాసిడ్ తిప్పి రావాలని అనుకున్నాం.